ఐదో బొమ్మకు మార్కు వద్దు

ఏనుగు, చొక్కా, నిమ్మకాయ, రైలు, ఆ తర్వాత ఇంకొకటి, ఇంకొకటి ఉండి తీరాలి, ఇప్పుడే కదా ఆ డాక్టరమ్మ వసుంధర అయిదు వేళ్ళూ చాపి ఐదు బొమ్మలమ్మా, పది నిమిషాలకు వచ్చి అడుగుతాను, వరసగా చెప్పక్కర్లేదు అంటూ అట్టముక్కలు ఒక్కొక్కటే ముందు పెట్టి తీసేసింది, అంతలో పక్క గదిలో ఎవరికో ఆయాసం ఎక్కువైందని నర్సు పిలిస్తే లేచి వెళ్ళిపోయింది, పోతూ పోతూ ఐదో బొమ్మను కొంగున ముడేసుకుని పోయిందా ఏమిటి మహాతల్లి, నిమ్మకాయ పచ్చగా ఉంది, రైలు తర్లుపాడు స్టేషన్లో ఆగకుండా పోయే రైలులాగే ఉంది, చొక్కాకు జేబు కూడా ఉంది, ఎవడికి కావాలి ఆ జేబు, జేబు గుర్తుండి బొమ్మకు బొమ్మే ఎగిరిపోవడం ఏమి న్యాయం, పక్కన బల్లమీద మొగుడు ఏసురత్నం ఎండకని తెచ్చుకున్న గొడుగును మోకాళ్ళ మధ్య ఆనించుకుని, ఏందే గొణుగుతుండావు, నొప్పా అని ఆస్పత్రంతా వినపడేటట్టు అరిచాడు, క్వారీలో ముప్పై ఏళ్ళు మందుగుండు మోతలకు చెవులు పోగొట్టుకున్న మనిషి, తనకు వినపడదు గనక లోకానికీ వినపడదనుకుంటాడు, నొప్పి లేదు నీ మొహం లేదు, నోరు మూసుకో, లెక్క తప్పుతా ఉంది అని ఎలీషబా చేత్తో సైగ చేసింది, ఏనుగు, చొక్కా, నిమ్మకాయ, రైలు.

నాలుగు నెలల కిందటి వరకు ఈ తల ఇట్లా ఉండేది కాదు, ఈ గుంటూరు ఆస్పత్రిలోనే రొమ్ము ఎముక కోసి, గుండెను కాసేపు ఆపి, చెడిపోయిన వాల్వు తీసి కొత్తది పెట్టారు, మందులు మానకుండా వేసుకుంటే ఇంకో ఇరవై ఏళ్ళు ఢోకా లేదన్నారు, నిజంగానే ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం రాదు, కాళ్ళ వాపు పోయింది, గుండె ఇట్లా బాగుపడిందో లేదో తల అట్లా మొండికేసింది, పొయ్యి మీద ఎసరు పెట్టి మరిచిపోయి వాకిట్లో కూర్చోవడం, ఆదివారం ప్రార్థనలో ముప్పై ఏళ్ళుగా పక్కన కూర్చునే జ్ఞానమ్మ పేరు నోటికి రాక అమ్మీ అమ్మీ అని నెట్టుకు రావడం, ఇందాక ఈ డాక్టరమ్మ కంప్యూటరులో చూసి చెప్పింది, ఆపరేషనప్పుడు తీసిన మీ రక్తంలో ఒక మార్కరు ఎక్కువుందమ్మా, అది ఎక్కువున్న వాళ్ళకే జ్ఞాపకం తగ్గుతా ఉందేమోనని చూస్తున్నాం, ఇంకా ఖాయంగా తేలలేదు అని, మార్కరా, నల్లదా నీలందా అని ఎలీషబా అడిగేసింది, డాక్టరమ్మ నవ్వింది, నవ్వితే నవ్వింది గానీ అడిగింది తమాషాకు కాదు, మార్కరు అన్న మాట చెవిన పడితే మార్కాపురం చుట్టుపక్కల పలకలు చేసి బతికినవాళ్ళకు ఒళ్ళు మండుతుంది.

ఎందుకు మండదు, లారీలకు లారీలు పలకలు పోయేవి తను పనిచేసే ఫ్యాక్టరీ నుంచి, చెక్క చట్రాలు బిగించేవాళ్ళు ఒక వరస, ఎర్రగీతలు గీసేవాళ్ళు ఒక వరస, ఎలీషబా పదహారేళ్ళప్పుడు గీతల వరసలో కూర్చుంది, తర్వాత బళ్ళలోకి నోటు పుస్తకాలొచ్చాయి, తెల్లబోర్డులొచ్చాయి, మూత తీస్తే స్పిరిటు వాసన కొట్టే ఆ మార్కరు పెన్నులొచ్చాయి, చట్రాల వరస పోయింది, గీతల వరస పోయింది, పలకను తిన్నది చాలక ఇప్పుడు నా రక్తంలో దూరి నా తలను కూడా తుడుస్తావా దొంగసచ్చినోడా, రా, నువ్వో నేనో చూద్దాం, ఇట్లాంటి తాటాకు చప్పుళ్ళకు బెదిరే కుందేలు కాదు ఎలీషబా, పలకలు పోయాక అదే ఫ్యాక్టరీలో నేలకు పరిచే బండలు కోస్తుంటే వేలి కణుపుతో కొట్టి మంచి చెడ్డ చెప్పే చోట కూర్చున్న మనిషి, ఖణ్ మంటే మంచి బండ, దబ్ మంటే లోపల బీట, పైకి నున్నగా అద్దంలా ఉన్నా సరే దబ్ మన్నదంటే దబ్ మన్నట్టే, ఇరవై ఏళ్ళలో ఆమె చెవి తప్పింది లేదు.

చెవి తప్పలేదు, పోయిన నెల కూడా చెవి తప్పలేదు, ఈ మాట ఎవరికి చెప్పినా తల ఊపుతారే తప్ప నమ్మరు, ఆపరేషన్ తర్వాత మళ్ళీ పనికెక్కి వారం కాలేదు, కుడివైపు మంచివి, ఎడమవైపు బీటవి, కొట్టింది, విన్నది, సరిగ్గానే విన్నది, బండ చేతిలో పట్టుకుని తిరిగేసరికి మంచివి ఎటు, బీటవి ఎటు, ఆ ఒక్క క్షణం తలలో ఏమీ లేదు, ఎవరినైనా అడుగుదామంటే సిగ్గు, అట్లా సగం రోజు బీటబండలు మంచి వరసలో పడ్డాయి, లోడు వెనక్కొచ్చింది, మేస్త్రీ శ్రీరాములు కోప్పడి ఉంటే బాగుండేది, కోప్పడకుండా జాలిగా, ఎలీషబక్కా, నువ్వు పనికి పనికొస్తావని డాక్టరు చేత కాయితం రాయించుకోనిరా, అందాక నీ చోట శేషమ్మ కూసుంటాది అన్నాడు, శేషమ్మ మంచి పిల్లే, చేయి చురుకే, కానీ చెవేది, దబ్ కూ ఖణ్ కూ తేడా తెలియాలంటే పదేళ్ళు కూర్చోవాలి, ఇదిగో ఆ కాయితం డాక్టరమ్మ బల్లమీదే తెల్లగా పడుంది, ఇవాళ అది ఖాళీగానే ఇంటికొస్తే ఇక ఆ చోటు లేదు, కొంగు పరుచుకుని గడప దగ్గర కూర్చోవడమే, ఏమేవ్ మందేసుకున్నావా అని ఏసురత్నం గంటకోసారి అరుస్తుంటే వినడమే, దేవుడా, గుండె బాగుచేయించింది ఇందుకా.

డాక్టరమ్మ వచ్చేసింది, చేతులు తుడుచుకుంటూ కూర్చుని ఆ చెప్పండమ్మా అంది, ఏనుగు, చొక్కా, నిమ్మకాయ, రైలు అని ఎలీషబా గబగబా నాలుగూ అప్పజెప్పింది, ఇంకొకటుందమ్మా, నిదానంగా గుర్తు చేసుకోండి అంది, నిదానంగా అంటే వస్తుందా, అక్కడంతా నున్నగా తుడిచేసినట్టుంది, అప్పుడు కంటి కొసన ఏదో కదిలింది, ఏసురత్నం, మాట వినపడకపోయినా ఇందాక బొమ్మలన్నీ పక్క నుంచి చూసినవాడు, మోకాళ్ళ మధ్య నుంచి గొడుగును మెల్లగా పైకి లేపుతున్నాడు, డాక్టరమ్మ కాయితం వైపు చూస్తున్నప్పుడు ఇంకాస్త పైకి, కళ్ళు పెద్దవి చేసి, గడ్డం ఊపుతూ, పరీక్షలో కాపీ అందించే పిల్లోడి మాదిరి, ఓరి నీ తెలివి తగలెయ్య, గొడుగు, ఐదోది గొడుగు, నోటిదాకా వచ్చింది, అనేస్తే అయిపోతుంది, ఐదుకైదు, కాయితం నిండుతుంది, రేపు పొద్దున్నే తన చోటు తనది, కానీ ఆ తర్వాత, మళ్ళీ కుడి ఎడమల మధ్య బండ పట్టుకుని నిలబడటం, మళ్ళీ బీటబండ మంచి వరసలో పడటం, పైకి నున్నగా ఉండి లోపల దబ్ మనే బండను తెలిసి తెలిసీ మంచిదని పంపడం, ఇరవై ఏళ్ళలో ఎన్నడైనా చేసిందా ఆ పని.

గొడుగమ్మా, అయితే అది నాకు గుర్తు రాలేదు, మా ఆయన చూపించినాడు, దానికి మార్కు వెయ్యొద్దు అని చెప్పేసింది, ఏసురత్నం గొడుగు టక్కున కిందికి దింపి గోడ వైపు చూశాడు, డాక్టరమ్మ నవ్వాలో వద్దో తెలియక మరి పనిలో ఎట్లా చేస్తారమ్మా అని అడిగింది, ఎట్లానో అప్పటిదాకా ఎలీషబాకూ తెలియదు, మార్కు అన్న మాట తన నోటి నుంచే వచ్చి తన చెవిలోనే మోగాక తెలిసింది, మార్కు పెట్టినావా అక్కా అని రోజూ అడుగుతాడు కదా కోత మిషను దగ్గర అంకన్న, కోతకు ముందు పెద్దబండలో బీట ఎక్కడుందో వేలితో కొట్టి సుద్దముక్కతో అక్కడ గీత గీస్తుంది ఆమె, అంకన్న ఆ గీత దగ్గర కోసి అవతలి ముక్క పారేస్తాడు, ఇవతలిదంతా మంచి బండే, ఎవరింట్లోనో నేలై కూర్చుంటుంది, మార్కు పెట్టేది బండను పారేయడానికి కాదు, మిగిలింది నిలబెట్టుకోవడానికి, చెవి పట్టిన మాటను తల మరిచేలోపే దబ్ మన్న ప్రతి బండమీదా అక్కడికక్కడే సుద్దగీత గీస్తే, గీత చూసి ఎవరైనా వేరు చేస్తారు, ఇక కుడెటో ఎడమెటో ఎవడికి కావాలి, డాక్టరమ్మా, రాయి, నాలుగే చెప్పింది, ఐదోది మరిచిపోయింది, రక్తంలో మార్కరు ఎక్కువుంది, అంతా రాయి, దాని కిందనే చెవి బాగుంది, చేతిలో సుద్దముక్క ఉంటే పని చేస్తాదని కూడా రాయి, శ్రీరాములుకు నేనే చదివించి చెప్తా అంది, డాక్టరమ్మ కాయితం దగ్గరికి లాక్కుని రాయడం మొదలుపెట్టింది, ఏమన్నాదే, ఏమన్నాది అని ఏసురత్నం భుజం పట్టి ఊపుతున్నాడు, ఎలీషబా కొంగు తొలగించి రొమ్ము మీద నిలువుగా దిగిన కోత గీతను, ఇన్నాళ్ళూ చూసుకోవడానికి భయపడ్డ గీతను, వేలితో తడిమి చూసుకుంది, బీట ఎక్కడిదాకానో తనకు తెలుసు, ఇవతలిదంతా మంచి బండే.