క్లచ్ కింద రెండు చిల్లులు

నేను ఒక ఫియట్ కారుని. పాతసామానని తేలిగ్గా చూడకండి, నా దగ్గర కథ ఉంది. పుట్టింది బొంబాయిలో, డెబ్బై ఆరో సంవత్సరంలో. రంగు పాలమీగడ. ఇప్పటి కార్లలాగా నా గేరు కడ్డీ రెండు సీట్ల మధ్య ఉండదు. స్టీరింగు మెడకే, ఎడమపక్కన, చేతికి అందేంత దగ్గరలో ఉంటుంది. ముందు సీటు రెండు ముక్కలు కాదు, ఒకటే బెంచీ. ముగ్గురు సర్దుకుని కూర్చోవచ్చు. ఈ రెండు సంగతులూ గుర్తుపెట్టుకోండి.

మూడోది మీకు మాత్రమే చెబుతున్నాను. క్లచ్ పెడల్ కింద, రబ్బరు పట్టా అడుగున, నాకు రెండు చిల్లులున్నాయి. అవి నాకు ఫ్యాక్టరీలో పెట్టినవి కావు. దాదాపు ముప్పై ఏళ్ళు ఆ సంగతి అవి పెట్టినాయనకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. నోరుంటే ఎప్పుడో అరిచి చెప్పేదాన్ని. నాకున్నది హారను, అది కూడా మీరు నొక్కితేనే మోగుతుంది.

నన్ను కొన్నది పొన్నూరు పశువుల డాక్టరు భావనారాయణగారు. పెళ్ళికూతుళ్ళను ఎక్కించుకుని పూలదండలతో ఊరేగుతానని నేను కలలుగన్నాను. మొదటి వారంలోనే నా వెనక సీట్లోకి జ్వరమొచ్చిన గేదెదూడ ఎక్కింది. అది చేసిన పని చెప్పను గానీ, ఆ వాసన నన్నింకా వదల్లేదు. ఆయన మాత్రం "పాపం, చిన్నది, దానికేం తెలుసు" అని దూడనే ఓదార్చారు. నన్ను ఒక్కమాటైనా అడగలేదు మహానుభావుడు! ఆయన కుడి బొటనవేలి మీద అడ్డంగా ఒక గాటు ఉండేది. ఎప్పుడో ఒంగోలు గిత్త కొమ్ము విసిరితే పడిన గాటది. స్టీరింగు పట్టుకున్నప్పుడు అది గరుగ్గా తగిలేది.

ఆయనకు ఇద్దరు పిల్లలు. పెద్దవాడు పూర్ణచంద్రరావు. పుస్తకాల అట్టలకు కూడా అట్టలు వేసుకునే రకం. చిన్నది శకుంతల. రెండేళ్ళప్పుడు పోలియో వచ్చి ఆ పిల్ల ఎడమకాలు చచ్చుబడింది. బడి లేని రోజుల్లో తండ్రి పక్కనే బెంచీ మీద కూర్చుని ఊళ్ళకు వచ్చేది. ఆయన క్లచ్ తొక్కి "రెండూ!" అనేవారు. పిల్ల నా గేరు కడ్డీ లాగేది. "మూడూ!" అంటే మళ్ళీ లాగేది. ఆరేళ్ళ పిల్ల, ఒక్కసారైనా నా పళ్ళు కరకరలాడించలేదంటే నమ్మండి. పెద్ద డ్రైవర్లమని చెప్పుకునేవాళ్ళు నన్నెంత హింస పెట్టారో నాకే తెలుసు.

"నాన్నా, నేనెప్పుడు నడుపుతా?" అని ఒకరోజు అడిగింది.

"పద్దెనిమిది నిండనీ తల్లీ. ఆ రోజు తాళాలు నీ చేతికే ఇస్తా."

మనుషులకు ఇదొక అలవాటు. పెద్దయ్యేసరికి మర్చిపోతారులే అని పిల్లలకు మాటిచ్చేస్తారు. శకుంతల మర్చిపోయే రకం కాదు. ఆ మాట ఆయన కూడా మర్చిపోలేదు, అదీ గొప్ప.

తొంభై ఆరులో ఆమెకు పద్దెనిమిది నిండబోతుండగా డాక్టరుగారు ఎవరికీ చెప్పకుండా పని మొదలుపెట్టారు. పాత స్కూటరు క్లచ్ పిడి ఒకటి తెచ్చి నా గేరు కడ్డీకి బిగించారు. పెడల్ కింద నా అడుగురేకులో రెండు చిల్లులు పొడిచారు. పిడికి కట్టిన తీగ ఒక చిల్లులోంచి కిందికి దిగి, అడుగున చిన్న కప్పి చుట్టూ తిరిగి, రెండో చిల్లులోంచి పైకొచ్చి పెడల్‌ను పట్టుకుంది. చేత్తో పిడి నొక్కితే చాలు, పెడల్ దానంతట అది కిందికి దిగుతుంది. ఎడమకాలితో పనే లేదు! ఆ క్షణంలో నాకు ఎంత సంబరమేసిందో. అలవాటుకొద్దీ తన కాలు క్లచ్ మీదకు పోకుండా ఆయన ఎడమకాలిని తుండుగుడ్డతో సీటుకు కట్టేసుకున్నారు. కూతురు ఎలా నడపాలో తానూ అచ్చం అలాగే నడిపి చూడాలని ఆయన పట్టుదల.

చదును రోడ్డు మీద అద్భుతంగా నడిచాను. తర్వాత కాలవ వంతెన ఎక్కాం. సగం ఎక్కాక ఎదురుగా బస్సు వచ్చింది. ఆయన ఆపి, మళ్ళీ కదిలించబోయేసరికి తీగ ఫట్‌మని తెగింది. నా ఇంజను ఒక్క కుదుపుతో ఆగిపోయింది. ఆయన గాభరాపడి, కట్టేసిన కాలిని లాక్కోవడానికి గింజుకున్నారు. కుడికాలు బ్రేకు మీదకు వెళ్ళేలోపు నేను వెనక్కి జారిపోయి వరిగడ్డి బండిలో దూరాను. ఎవరికీ ఏమీ కాలేదు. గడ్డి తప్ప ఏదీ చెదరలేదు. కానీ ఆయన ముఖంలో నెత్తుటిచుక్క లేదు. "నా స్థానంలో పిల్ల ఉంటే?" అని నన్నే అడిగారు. రెండుసార్లు అడిగారు.

ఇంటికొచ్చి పిడి ఊడదీశారు. రెండు చిల్లుల్లోనూ ఎంసీల్ లప్పం ముద్దలు కూరి, బొటనవేలితో అదిమిపట్టి చాలాసేపు అలాగే కూర్చున్నారు. ఏడ్చారు. చెప్పకేం, నేను చూశాను. అప్పుడే కాలేజీ నుంచి వచ్చిన పూర్ణచంద్రరావు గుమ్మంలో అడుగుపెట్టాడు. ఎంసీల్ ఆరాలి గదా, డాక్టరుగారు ఎర్రబడ్డ కళ్ళతో కసిరారు. "ఈ కారు మీద ఎవ్వరూ చెయ్యి వెయ్యొద్దు! ముట్టుకున్నారంటే ఊరుకోను!"

రెండు రోజులకు చెప్పిన మాట అది. కుర్రాడు దాన్ని జన్మకంతా రాసుకున్నాడు.

ఇక పుట్టినరోజునాడు శకుంతల కొత్త పరికిణీ ఓణీ వేసుకుని నా దగ్గరికొచ్చి, తాళాల కోసం చెయ్యి చాచింది. డాక్టరుగారు తలొంచుకుని, "కారు నడపడం మనం ఆడుకున్నంత తేలిక కాదమ్మా" అన్నారు. పిల్ల చాచిన చెయ్యి దించేసింది. వెనక తలుపు తీసుకుని వెనక సీట్లో కూర్చుంది. ఆ తర్వాత మళ్ళీ ముందు సీట్లో కూర్చోలేదు. నా గేరు కడ్డీని ముట్టుకోలేదు. "ఒసే పిల్లా, నీ కోసం మీ నాన్న కాలు కట్టేసుకున్నాడే!" అని నేను లోపల్లోపల ఎంత మొత్తుకున్నా ఎవరికి వినిపిస్తుంది?

డాక్టరుగారు పోయి పన్నెండేళ్ళయింది. నన్ను ఇద్దరి పేరునా రాసి వెళ్ళారు. శకుంతల పొన్నూరులోనే పశువుల మందుల దుకాణం పెట్టింది. గుంటూరులో లెక్చరరుగా ఉన్న పూర్ణచంద్రరావు నెలకోసారి వచ్చి, నా మీద గుడ్డ తీసి, మెత్తటి బట్టతో తుడిచి, మళ్ళీ గుడ్డ కప్పి వెళతాడు. ప్రేమే అది, కాదనను. కానీ పన్నెండేళ్ళపాటు తుడిపించుకుంటూ కూర్చుంటే కారుకి పిచ్చెక్కుతుందండీ.

మొన్న ఎండాకాలంలో ఒకే వారంలో రెండు జరిగాయి. బెజవాడలో పాత కార్ల ప్రదర్శనశాల పెడుతున్నవాళ్ళు నన్ను చూసి మురిసిపోయారు. ముందు వరసలో చోటు, చుట్టూ ఎర్రతాడు, నెత్తిన దీపం. షరతు ఒక్కటే, పుట్టినప్పటి నుంచి ఏ మార్పూ చెయ్యలేదని ఓనర్లు ఇద్దరూ ఫారం మీద సంతకం చెయ్యాలి. నిజం చెప్పొద్దూ, ఎర్రతాడనేసరికి నాకూ ఆశపుట్టింది. దూడవాసన కారుకి అంత మర్యాద ఎవరు చేస్తారు?

సరిగ్గా ఆ వారమే శకుంతల నన్ను తెనాలిలో బాజీ మేస్త్రి షెడ్డుకు లాగించింది. పాత ఫియట్లంటే ఆ చుట్టుపక్కల ఆయన పేరే చెబుతారు. "చేత్తో నొక్కే క్లచ్ పెట్టాలి, బాజీగారూ. నేనే నడుపుతా" అంది. నలభై ఏడేళ్ళ మనిషి ఆ మాట అంటుంటే గొంతు ఆరేళ్ళ పిల్లదే.

ఫారం చేతబట్టుకుని పూర్ణచంద్రరావు ఆదరాబాదరా షెడ్డుకొచ్చాడు.

"నీకేమన్నా మతిపోయిందా శకూ? నడపాలనుంటే గేర్లు లేని కొత్త కారు తీసుకో, నేను కొనిపెడతా. దీని జోలికి రావాకు."

"కొత్త కారు నాకెందుకు అన్నయ్యా? నేను గేర్లేసింది దీనికి. ఊళ్ళ నుంచి ఫోన్లు చేస్తారు, గేదె లేవట్లా, మందు పంపమ్మా అని. ఎవరో వచ్చి నడపందే నేను కదల్లేను. ఎన్నాళ్ళు వెనక సీట్లో కూర్చోమంటావ్?"

"నాన్న చెయ్యి వెయ్యొద్దన్న కారే ఇది! నా చెవులతో విన్నా."

"నాన్న నాకు తాళాలిస్తానన్న కారు కూడా ఇదే. అది నేనూ విన్నా."

ఇద్దరి కళ్ళలోనూ నీళ్ళే. ఆమె నడపడమా, నేను తాడు మధ్య నిలబడడమా, ఆ పూటే తేలిపోవాలి. ఒకరు ఒప్పుకోకపోతే రెండోవాళ్ళు చెయ్యగలిగింది లేదు. బాజీ ఇద్దరి మధ్యలో స్పానరు పట్టుకుని బిక్కమొహం వేశాడు.

"పట్టా లేపి కొలత చూసుకుంటా సార్. చూస్తే తప్పులేదు గదా" అన్నాడు మెల్లిగా.

"చూసుకో. చిల్లు మాత్రం పెట్టావంటే ఊరుకోను. పుట్టినకాడ్నుంచీ ఈ కారుకి ఒక్క చిల్లు లేదు."

బాజీ తల లోపలికి దూర్చాడు. క్లచ్ కింద పట్టా అంచు పట్టుకున్నాడు. నా గుండె, అంటే ఇంజనే అనుకోండి, ఆగివున్నది కాస్తా దడదడలాడింది. లేపవయ్యా బాబూ, ఇంకాస్త లేపు! ముప్పై ఏళ్ళ దుమ్ముతో పట్టా చర్రున ఊడొచ్చింది. బాజీ టార్చి వేసి చూసి, తల బయటపెట్టాడు.

"పుట్టినప్పుడు లేవేమో సార్. ఇప్పుడైతే రెండున్నాయి."

"ఏంటీ?" అంటూ పూర్ణచంద్రరావు తెల్ల ప్యాంటుతోనే గ్రీజు నేల మీద మోకాళ్ళు ఆనించి లోపలికి వంగాడు. రెండు బూడిదరంగు ముద్దలు, రెండింటి మీదా పెద్ద బొటనవేలి ముద్రలు, ఆ ముద్రలకు అడ్డంగా గాట్లు. గిత్త కొమ్ము గాటును కొడుకు గుర్తుపట్టడూ? కాస్త పక్కకు జరిగి చెల్లెలికి చోటిచ్చాడు. శకుంతల కర్ర ఆనించుకుని వంగి, వేలు చాచి ముద్రను తడిమింది.

"నాన్న వేలు" అంది.

బాజీ మాత్రం పనివాడి కళ్ళతో చూస్తున్నాడు. గేరు కడ్డీ మీద టార్చి వేశాడు. "ఇదిగోండి, ఇక్కడ పట్టీ బిగించిన గీతలు. స్కూటరు పిడి లాగుంది. తీగ ఈ చిల్లులో దిగి ఆ చిల్లులో లేచింది. ఎడంకాలు లేకుండా నడపడానికి చేసిన ఏర్పాటిది. ఎవురు చేశారోగానీ మంచి బుర్ర." మళ్ళీ వంగి గోరుతో గీకాడు. "ముద్దలో తీగ ముక్క ఇరుక్కుపోయింది చూడండి. తెగింది పాపం. ఈ క్లచ్‌కి ఇంత సన్న తీగ ఆగిద్దా?"

శకుంతల అక్కడే కిందున్న టైరు మీద కూలబడింది. "అంటే నాన్న మాట తప్పలేదు" అని, మళ్ళీ అదే మాట అని, భోరుమంది. ఇన్నాళ్ళూ తన కాలిని చూసి తండ్రే వెనకాడాడని ఆమె అనుకుంది. అలా కాదని చెప్పలేకే నేను ఇన్నాళ్ళూ చచ్చిపోయాను. హమ్మయ్య!

పూర్ణచంద్రరావు ముద్ర వంకే చూస్తూ ఉన్నట్టుండి నవ్వాడు. ఏడుపులాంటి నవ్వు. "ఆ రోజు నాన్న ఇక్కడే వంగి ఉన్నాడు. ఎంసీల్ ఆరాలని అన్నాడే శకూ! చెయ్యి వెయ్యొద్దన్నది అందుకే. నేను ముప్పై ఏళ్ళు కాపలా కాశా." తర్వాత కళ్ళు తుడుచుకుని, "బాజీ, తియ్యి. రెండూ పొడిచెయ్యి. పిడి పెట్టు" అన్నాడు.

"వద్దు!" అంది శకుంతల. ఇప్పుడు వద్దనడం ఆమె వంతయింది. "ముద్రలు పోతాయి అన్నయ్యా."

ఇద్దరూ బాజీ వైపు చూశారు. బాజీ గడ్డం గోక్కున్నాడు. "రెండెందుకండీ? పెడల్‌ను నొక్కనక్కర్లా. లావుపాటి జీపు తీగ వేసి కిందున్న క్లచ్ మీటనే సూటిగా లాగేద్దాం. నాకు ఒక్క చిల్లు చాలు. రెండోది డాక్టరుగారి పేరున అట్టనే ఉంచండి."

అలా నాకు ఒక చిల్లు తెరుచుకుంది, ఒకటి మూసే ఉంది. ఆమె షెడ్డు ముందు ఖాళీజాగాలో వారాలపాటు నన్ను గిరగిరా తిప్పాక, కాగితాల పని కూడా పూర్తయి లైసెన్సు చేతికొచ్చాక, ఒక ఉదయం ఇంటిదారి పట్టాం. శకుంతల స్టీరింగు దగ్గర, అన్నగారు పక్కన బెంచీ మీద. సంతకం పెట్టని ఫారం ఇంకా ఆయన జేబులోనే ఉంది.

ఎంత హుషారుగా పరిగెత్తానో! మల్లెతోటలు, అరటితోటలు వెనక్కి పోతున్నాయి. సరిగ్గా పాత కాలవ వంతెన సగం ఎక్కేసరికి, మా డాక్టరుగారి చుట్టాలన్నట్టు, గేదెలమంద అడ్డమొచ్చింది. శకుంతల ఆపింది. నా వెనకే మూరెడు దూరంలో పాలవ్యాను నిలబడింది. ఈసారి వరిగడ్డి లేదు. పూర్ణచంద్రరావు ఒక చేత్తో తలుపు పట్టుకుని, రెండో చేత్తో ఫారం తీసి చెమటలకు విసురుకోవడం మొదలుపెట్టాడు.

గేదెలు పోయాయి. ఆమె పిడి నొక్కిపట్టింది, ఒకటో గేరు వేసింది, కుడికాలు బ్రేకు మీంచి తీసింది. జానెడు వెనక్కి జారాను. "శకూ!" అని అన్నగారు కేకపెట్టాడు. వ్యానువాడు హారను కొట్టాడు. ఆమె పిడిని మెల్లమెల్లగా వదిలింది, ఆరేళ్ళప్పుడు నేర్చుకున్న అదే లాఘవంతో. తీగ పట్టింది! నేను గర్రుమని ముందుకు దూకి వంతెన నడినెత్తికి ఎక్కేశాను. నాలో ఉన్న నట్లూ బోల్టులూ అన్నీ ఈలలేశాయి.

శకుంతల గొంతెత్తి, "రెండూ!" అని అరిచింది.

చిన్నప్పుడు వెనక సీట్లోంచి ఎన్నోసార్లు విన్న పిలుపు. పూర్ణచంద్రరావు చెయ్యి దానంతట అదే గేరు కడ్డీ మీదకు వచ్చింది. ఆమె చటుక్కున దాని మీద ఒక్కటి వేసింది.

"చెయ్యి తియ్యి అన్నయ్యా. ముట్టుకోవద్దు."

రెండో గేరు ఆమే వేసింది.