ఆది జాకెట్లు

వ్యానులో ముందుగా ఎక్కాల్సింది పాలగిన్నె. అది శైలజ అత్తగారు పెట్టిపోయిన నియమం. గిన్నెలో గుప్పెడు బియ్యం, ఒక పసుపుకొమ్ము, కాస్త ఉప్పు వేసి, మూతమీద గుడ్డ కట్టి, ఇల్లాలు దాన్ని ఒళ్ళో పెట్టుకుని డ్రైవరు పక్కన కూర్చోవాలి. కొత్తింట్లో ఆవిడ ఆ గిన్నెతో పాలు పొంగించాకే మిగతా సామాను గుమ్మం దాటాలి.

ఇల్లు మారిన ప్రతిసారీ శైలజ అలాగే చేసింది. పాతపట్నంలో దిగినప్పుడు ఒళ్ళు కాలిపోయే జ్వరం. సామానంతా వీధిలో వానకి తడుస్తూంటే భర్త మురళీమోహన్ గొడుగు పట్టుకుని ఆమె లేచేదాకా నిలబడ్డాడు తప్ప, తను లోపలికి వెళ్ళి స్టవ్వు వెలిగించలేదు. అది తను కూడా చెయ్యొచ్చని అతనికి తోచలేదు. నిజానికి ఆమెకీ తోచలేదు.

అతను ఇరిగేషన్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. కోటబొమ్మాళి నుంచి ఇప్పుడు బొబ్బిలి వేశారు. ఆర్డరు కాగితంలో దాన్ని బదిలీ అంటారు గానీ ఇంట్లో ఎవరూ ఆ మాట అనరు. ట్రాన్స్‌ఫర్ అనే అంటారు. అతనికి ట్రాన్స్‌ఫర్ వచ్చిందంటే గ్యాసు కనెక్షను ట్రాన్స్‌ఫర్ చేయించాలి. కూతురు రేఖ చదువుకునే రోజుల్లో అయితే బడికెళ్ళి ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్టు తేవాలి, ఆ పిల్ల వారం రోజులు ఏడుస్తుంది. ఇప్పుడు రేఖ విశాఖలో ఉద్యోగం చేసుకుంటోంది గనక ఆ ఒక్క ఏడుపూ తగ్గింది. ట్రాన్స్‌ఫర్ అంటే అతనికి పాత ఆఫీసులో ఒక సంతకం, కొత్త ఆఫీసులో ఒక సంతకం. ఆమెకి గోనెసంచులు, తాళ్ళు, నడుంనొప్పి.

ఈసారి ఆమెకి వెళ్ళాలని లేదు. ఆర్డరు వచ్చిన రోజే అంది, “బావా, నాను ఇక్కడే ఉండిపోతాను.” అతను పేపరు మడుస్తూ నవ్వాడు. “ఒక్కదానివేనా? బాగుంది,” అన్నాడు. అక్కడితో ఆ సంగతి అయిపోయిందనుకున్నాడు. ఇంటి యజమాని కూర్మయ్య మాత్రం, “ముందు గదీ వంటిల్లూ నీకే ఉంచుతానమ్మా, వెనక వాటా వేరేవాళ్ళకి ఇచ్చుకుంటాను. ఆలోచించుకో,” అన్నాడు. ఆమె ఆలోచించుకుంటూనే పప్పుల డబ్బాలకి మూతలు బిగించింది, పరుపులు చుట్టింది. ఆలోచన ఒక పక్కా, చేతులు ఒక పక్కా పనిచేశాయి.

శైలజ జాకెట్లు కుడుతుంది. ఏ ఊరెళ్ళినా కుట్టింది. కొత్త ఊళ్ళో ఆడవాళ్ళు ముందు ఏడాది నమ్మరు. కొలతకని ఒక ఆది జాకెట్టు ఇవ్వాలి గదా, చంకల్లో చిరిగినదో, రంగు పోయినదో ఇచ్చి, పండక్కి కట్టని చీర మీదకి ఒక ముక్క కుట్టించుకుని చూస్తారు. అది నచ్చితే ఇంకోటి. కొన్నాళ్ళకి, ఎవరూ చెప్పకుండానే, ఆ చిరుగుల జాకెట్టు వెనక్కి తీసుకుని తమకి అన్నిటికన్నా బాగా పట్టిన జాకెట్టు తెచ్చి ఇస్తారు. “ఇది నీ కాడే ఉంచీ,” అంటారు. అలా ఇచ్చారంటే ఇక ఆవిడ వేరే మిషను గడప తొక్కదన్నమాట. సరిగ్గా ఊరంతా ఆ మాట అనే వేళకి ఆర్డరు వచ్చేది. శైలజ ఇంటింటికీ వెళ్ళి ఎవరి ఆది వాళ్ళకి ఇచ్చేసి వచ్చేది.

ఇక్కడ మాత్రం ఒక్కటీ ఇవ్వలేదు. ఇవాళిస్తాను రేపిస్తాను అనుకుంటూ, తెల్లచీరలో మూటగట్టి అలమరా కింద అరలో పెట్టింది.

పొద్దున్నే ఎల్లాజీ వ్యాను తెచ్చాడు. మంచాలు ఎక్కాయి, బీరువా ఎక్కింది, మిషను కూడా ఎక్కింది. టీవీని దుప్పటిలో చుట్టి మధ్యలో నిలబెట్టారు. శైలజ పాలగిన్నెకి గుడ్డ కడుతూంటే దేముడమ్మ గేటు తోసుకుని వచ్చింది. నారుమడి నుంచి తిన్నగా వస్తున్నట్టుంది, పిక్కల దాకా మట్టి. చంకలో కొత్త గుడ్డ.

“ఏటమ్మా శైలజా, ఎల్లిపోతన్నావా? మరి నా జాకెట్టు ఎవులు కుడతారు?”

“అక్కడ బజార్లో కొత్త కుర్రోడు ఉన్నాడు కదా అత్తా, బాగానే కుడతన్నాడట.”

“ఆడా! ఆడు నా సెయ్యి కొలిసి, ‘మామ్మా, సెయ్యి కొంచెం తగ్గించుకోవాలి’ అన్నాడే! గుడ్డ తగ్గితే గుడ్డ పెంచుకోవాల గాని నా సెయ్యి తగ్గించుకుంటానా?”

శైలజకి నవ్వొచ్చింది. “నీ ఆది ఇచ్చేస్తాను ఉండు,” అని లోపలికి వెళ్ళింది. అలమరా కింద అర ఖాళీ. పై అర ఖాళీ. తెల్లచీర మాత్రం తలుపు వెనక ఉండచుట్టి పడి ఉంది.

“బావా, ఇక్కడి మూట ఏదీ?”

మురళీమోహన్ వ్యాను దగ్గర్నుంచే అరిచాడు. “ఆ పాత గుడ్డలా? టీవీ గీసుకుపోతాదని దుప్పట్లో పెట్టి సుట్టీసినాను. మరి కొన్ని మిక్సీ జార్లో కూరినాను.”

ఎల్లాజీ మిక్సీ జార్లోవి తీసిచ్చి, దుప్పటి విప్పాడు. టీవీ నాలుగు అంచులా జాకెట్లు. ఆకుపచ్చది, ఎర్రంచుది, బుటాలది. పైన ఒక మూలకి దేముడమ్మ చిలకపచ్చ జాకెట్టు రెండు చేతులూ వెనక్కి కట్టి ముడేసి ఉంది.

“ఓలమ్మ! నా జాకెట్టు టీవీకి తొడిగినావేటి బాబూ!” దేముడమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “సరిపోనాదేటి దానికి?”

ఎల్లాజీ వ్యాను తలుపు పట్టుకుని నవ్వాడు. మురళీమోహన్ కూడా నవ్వి, “నాకేటి తెలుసు? పాతవే కదా!” అన్నాడు.

శైలజ నవ్వలేదు. పాలగిన్నె అరుగు మీద పెట్టి పక్కనే కూర్చుని, ఒక్కొక్క జాకెట్టూ ముడి విప్పి ఒళ్ళో పరుచుకుని మడతపెట్టడం మొదలుపెట్టింది. ఆమెకి పేర్లు చూసుకోనక్కర్లేదు. ఇది టీచరమ్మది, మెడ లోతు ఉండకూడదు. ఇది ఈశ్వరిది, ఎడమ భుజం కాస్త దిగువ. ఇది కడుపుతో ఉన్నప్పుడు ఒకసారి, పిల్లాడు పుట్టాక ఒకసారి కుట్లు విప్పించుకున్న పిల్లది. నడుం లాగుతోంది. ఒళ్ళో ఈ బరువు మాత్రం బాగానే ఉంది.

“ఎండెక్కిపోతన్నాది. లెగు శైలూ,” అన్నాడు మురళీమోహన్.

“ఎల్లాజీ, మిషను దింపు నాయనా,” అంది శైలజ.

ఎల్లాజీ ఆమెకేసీ ఆయనకేసీ చూశాడు.

“ఏటే అది? మిషను ఎందుకు దింపడం?”

“చిన్న మంచం కూడా దింపు. రెండు గిన్నెలు చాలు.”

“అక్కడ కుట్టుకోవద్దని నేనన్నానా? బొబ్బిలిలో ఆడోళ్ళు లేరేటి?”

“ఉన్నారు. మళ్ళీ చిరిగిన జాకెట్టుతో మొదలెట్టాల. నాకు ఓపిక లేదు బావా.” ఆమె గొంతు పెంచలేదు. “నీకు ట్రాన్స్‌ఫర్ అయితే నీ సర్వీసు నీ కూడా వస్తాది. బొబ్బిలిలో నిన్నెవులూ కొత్తగా చేరినావని అనరు. నా సర్వీసు పాతపట్నంలో కొంత, టెక్కలిలో కొంత ఉండిపోనాది. ఇక్కడిది ఇక్కడ వదల్లేను.”

“నలుగురూ ఏటనుకుంటారు?”

“నలుగుర్లో నానొకదాన్ని బాబూ,” అంది దేముడమ్మ అరుగంచున కూర్చుంటూ. “నానేటీ అనుకోను.”

అతనికి కోపం వచ్చింది. వ్యాను చుట్టూ ఒకసారి తిరిగాడు, బిగించి ఉన్న తాడునే మళ్ళీ బిగించాడు. తిరిగొచ్చేసరికి ఎల్లాజీ మంచం, గిన్నెలు దింపి, మిషను ముందుగదిలో కిటికీ దగ్గర పెట్టేశాడు. శైలజ ఇంకా మడతలు పెడుతూనే ఉంది. మురళీమోహన్ వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

“మరి పాలెవరు పొంగిస్తారు?” అన్నాడు చివరికి. ఆ గొంతులో కోపం లేదు. పాతపట్నంలో గొడుగు పట్టుకుని నిలబడ్డ మొహమే అది.

ఆమెకి జాలేసింది. ఒక్క క్షణం, లేచి చెప్పులు వేసుకుందామనిపించింది కూడా. లేచింది. పాలగిన్నె తీసి అతని చేతుల్లో పెట్టింది.

“నువ్వే. చిన్న మంట మీద పెట్టు. పొంగేదాకా పక్కనుంచి కదలకు. ఫోన్ సూసుకుంటూ నిలబడకు.”

“నేనా?”

“శనివారం రైలెక్కి వచ్చీ. నానూ వస్తాను మధ్యమధ్యలో.”

అతను వ్యాను ఎక్కి, రెండు చేతులతో గిన్నె పట్టుకుని, ఒళ్ళో పెట్టుకోవాలా వద్దా అన్నట్టు కొంచెం పైకెత్తి పట్టుకుని కూర్చున్నాడు. వ్యాను మలుపు తిరిగేదాకా అలాగే ఉన్నాడు.

దేముడమ్మ కొత్త గుడ్డ మిషను మీద పెట్టింది. “తొందరేటీ లేదు. కాస్త నడుం వాల్చు ముందు,” అంది. శైలజ ఖాళీ గదిలో మంచం వాల్చుకుని, జాకెట్ల దొంతర తల కింద పెట్టుకుని మధ్యాహ్నం దాకా పడుకుంది.

సాయంత్రం దారం ఎక్కిస్తూంటే ఫోన్ మోగింది.

“పొంగినాయి,” అన్నాడు మురళీమోహన్. “స్టవ్వంతా కారిపోయినాయి. మాడు కంపు. ఇప్పుడేటి సెయ్యాల?”

శైలజ పళ్ళతో దారం తెంపింది.

“తుడుసుకో బావా,” అంది.