యమున పెట్టిన పాస్‌వర్డ్

యువత గురించి, సెల్‌ఫోన్ల గురించి, ఇంటర్నెట్ గురించి జిల్లా పేపర్లో వారం వారం రాసే దయానంద్‌ని నేనే. ఈ సంగతుల్లో నన్ను మించినవాడు లేడని నిజామాబాద్ ఆఫీసులో అంటారు. నాలుగేళ్ల కింద, 2005లో, మొదటి మెయిల్ పంపడానికి నాకు నలభై నిమిషాలు పట్టిందని అక్కడ ఎవరికీ తెలియదు.

అప్పుడు నేను ఆర్మూర్ విలేకరిని. వార్తలు కవర్లో పెట్టి సాయంత్రం బస్సు డ్రైవర్ చేతికిచ్చేవాణ్ని. ఇకనుంచి మెయిలే చేయాలని ఆఫీసువాళ్లు తేల్చి చెప్పారు. నెట్ సెంటర్‌కు వెళ్లి మౌస్ పట్టుకుని దిక్కులు చూస్తుంటే, పక్క క్యాబిన్‌లోంచి ఒకమ్మాయి లేచి వచ్చింది. పేరు యమున. ఆలూర్ రైతు దేవిదాస్ కూతురు, డిగ్రీ మొదటి సంవత్సరం.

"జర జరుగుండ్రి సార్, నేను జేస్త" అంది.

మెయిల్ ఐడీ తెరిచి, పాస్‌వర్డ్ కూడా తనే పెట్టింది. "పసుపు అని కొట్టుండ్రి, ఎన్క మీ బండి నంబర్. యాదికుంటది." ఫొటో జతచేయడం మూడు రోజులు ఓపిగ్గా నేర్పింది. తను అక్కడికి వచ్చేది మహారాష్ట్రలోని సాంగ్లి మార్కెట్లో పసుపు ధర చూడటానికి. చూసి, కాగితం మీద రాసుకెళ్లి తండ్రికి చెప్పేది. నాకూ ఒకసారి ఆ పట్టిక చూపించింది.

రెండు నెలలకు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. "నెట్ సెంటర్లల్ల పోరగాళ్లు ఏం జేస్తున్నరో రాయి. జర గరంగుండాలె. ఫొటో ఇయ్యాల్నే గావాలె."

ఊరంతా తిరిగాను. కుర్రాళ్లు క్రికెట్ స్కోరు చూస్తున్నారు, హాల్‌టికెట్లు తీసుకుంటున్నారు. అందులో గరం ఏముంది? తిరిగొచ్చేసరికి యమున తన క్యాబిన్‌లో కూర్చుని ఉంది, పరదా సగం తీసి ఉంది. ఆమెకు చెప్పకుండా వెనకనుంచి ఫొటో తీశాను. ముఖం కనిపించదు కదా అనుకున్నాను.

'పరదాల చాటున పాడవుతున్న యువత' అని శీర్షిక పెట్టింది నేనే. ఆఫీసులో కంప్యూటర్ తెరను మసకబరిచి వేశారు. ఆ మసక వెనక చూడరానిదేదో ఉందని జనం అనుకున్నారు. అక్కడున్నది సాంగ్లి ధర. నాకు తెలుసు. తెలిసే పంపాను.

ముఖం లేకపోతేనేం, భుజానికి సంచి ఉంది. వాళ్లమ్మ గంగమణి పాత చీర ముక్కలతో కుట్టిన సంచి. ఆలూర్‌లో అలాంటిది ఇంకొకటి లేదు. పొద్దున్నే హోటల్ దగ్గర ఎవరో దేవిదాస్‌కు పేపర్ చూపించారట. మరునాటి నుంచి యమునను కాలేజీ మాన్పించాడు. నెట్ సెంటర్ నడిపే స్వామి నాకీ సంగతి చెప్పి, నా ముఖం చూడకుండా లోపలికి పోయాడు.

నెల రోజులు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చివరికి సిగ్గు తట్టుకోలేక ఆలూర్ వెళ్లాను, తప్పు నాదని ఒప్పుకుని ఆ పిల్లను మళ్లీ కాలేజీకి పంపమని అడుగుదామని. దేవిదాస్ కళ్లంలో ఉడికిన పసుపు ఆరబోస్తున్నాడు. నన్ను చూసి చేతిలో పని వదిలేసి వచ్చి, నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మీరు రాయకపోతె మాకేం ఎర్కైతుండె సారూ? ధర జూస్తున్న అంటె నమ్మిన. నా కండ్లు తెరిపిచ్చిండ్రు."

"నెట్ల అన్నీ చెడ్డయే ఉండవు..." అని మాత్రం అనగలిగాను.

"మీది పెద్ద మనసు సారూ" అన్నాడాయన. మంచం వాల్చి కూర్చోబెట్టాడు.

ఇంకొక్క మాట చాలు. కానీ ఆ మాట అంటే ఈ ఊళ్లోనే కాదు, ఆఫీసులోనూ అబద్ధాలకోరునవుతాను. అప్పటికే ఆ వార్త మెచ్చి నన్ను యువత పేజీకి తీసుకుంటామన్నారు. ఛాయ్ తెచ్చింది యమునే. మోచేతుల దాకా పసుపు. నేనేం చెబుతానోనని నా గ్లాసు ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడింది. నేను ఛాయ్ బాగుందన్నాను.

లేచాక గ్లాసు తీసుకుని బండి దాకా వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"పాస్‌వర్డ్ మార్చుకోండ్రి సార్" అంది మెల్లగా. "అది నాకెర్క గదా. రేపేమన్న అయితె మల్ల నా పేరే వస్తది."

తలూపి బండి స్టార్ట్ చేశాను. ఎలా మార్చాలో అప్పటికి నాకు రాదు. ఆ మాట కూడా ఆమెకు చెప్పలేకపోయాను.

యమున మళ్లీ కాలేజీకి వెళ్లలేదు. నేను నిజామాబాద్ వచ్చేశాను. మొన్న ఒక వ్యాసం రాశాను, పాస్‌వర్డ్‌లు ఎవరికీ చెప్పొద్దని, తరచూ మార్చుకోవాలని యువతకు హితవు చెబుతూ. రాయడం అయ్యాక పసుపు అని కొట్టి, పాత బండి నంబర్ కొట్టి, ఆఫీసుకు పంపాను.