నెమ్మదస్తురాలు

ఆదివారం అన్న మాటే గానీ, జ్యోత్స్నకు పొద్దున్నుంచి కూర్చునే తీరిక లేదు. మొగుడు బాలకృష్ణ వాళ్ల ఆఫీసు పెద్దసారు భోజనానికి వచ్చాడు. చేపల పులుసు దించి గారెల పప్పు మిక్సీలో వేస్తుంటే బాలకృష్ణ వంటింట్లోకి తొంగి చూశాడు.

"మిక్సీ జర ఆగి వెయ్యి. ముందర మాటలు ఇనవడ్తలేవు."

ఆగి వేస్తే గారెలూ ఆగే వస్తాయి, ఆ ఆలస్యమూ తన నెత్తినే పడుతుంది. అయినా ఆపింది. ముందుగదిలోంచి అతని గొంతు వినిపించింది. "మా ఆమె మస్తు నెమ్మదస్తురాలు సార్. పెండ్లయిన కాడికెల్లి ఎదురు మాట లేదు."

ఆమెకు ఒళ్లు మండింది. ఎవరమ్మా ఆ నెమ్మదస్తురాలు? ఇల్లందు దగ్గరి తండాలో తను కేకేస్తే వాగవతల మేకల దగ్గరున్న నాన్న హీరాలాల్ తిరిగి చూసేవాడు. ఇప్పటికీ బూర్గంపాడు బడిలో తను ఎక్కాలు చెప్పిస్తే పక్క క్లాసు పిల్లలూ అందుకుంటారు. సాయంత్రం బస్సు గోదావరి వంతెన దాటి భద్రాచలం చేరేసరికి ఆ గొంతు ఎక్కడ దిగిపోతుందో ఏమో! "తండా భాష ఇంట్ల మాట్లాడకు, పక్కింటోళ్లు ఇంటే మంచిగుండది" అన్నాడు పెళ్లయిన కొత్తలో. అతనూ తండాలో పుట్టినవాడే మరి. "నవ్వు జర తగ్గించుకో బిడ్డా" అంది అత్త. ఒక్కో మాటా చిన్నదే. అన్నీ కలిసి ఒక కొత్త మనిషిని తయారుచేసి, దానికి తన పేరే పెట్టాయి. ఈ నెమ్మది తన పుట్టుగుణమా, ఈ ఇంట్లో నెగ్గుకు రావడానికి నేర్చుకున్నదా? ఎంత ఆలోచించినా తేలడం లేదు. ఈ మధ్య అదే ఆమెకు నిద్ర లేకుండా చేస్తోంది.

వడ్డిస్తుండగా ఎవరో తలుపు కొట్టారు. తీస్తే, తను యాడి అని పిలిచే అమ్మ! గోరి, చెప్పాపెట్టకుండా, భుజాన సంచితో. చూసి ఏడాది దాటింది. తండా ఆడవాళ్లు చాలాకాలానికి కలిస్తే మెడ కౌగిలించుకుని రాగం తీసి ఏడుస్తారు. ఒకరు రాగం ఎత్తుకుంటే రెండోవారు తమ కష్టసుఖాలతో బదులివ్వాలి. ఇవ్వకపోతే నువ్వు నాకేమీ కావని చెప్పినట్టే. గోరి గుమ్మంలోనే కూతురి భుజం మీద తల పెట్టి రాగం ఎత్తుకుంది. పెద్దసారు చెయ్యి కంచంలో ఆగిపోయింది.

బాలకృష్ణ గబగబా వచ్చాడు. "ఇజ్జత్ పోతది. నువ్వు మాత్రం నోరు తెరవకు" అన్నాడు పళ్ల సందున.

గోరి రాగం ఆపి బదులు కోసం చూసింది. ఎంతకీ రాలేదు. ముసలామె తల ఎత్తి, ఇల్లు తప్పి వచ్చానా అన్నట్టు కూతురి మొహంలోకి చూసి, మెల్లగా చేతులు తీసుకోబోయింది.

ఆ చేతుల్ని జ్యోత్స్న గట్టిగా పట్టుకుంది. రాగం దానంతటదే వచ్చింది. ఇన్నేళ్లు మింగిందంతా తమ భాషలోనే వెళ్లబోసుకుంది. నవ్వు సంగతి, ఆదివారాల సంగతి, కట్టుకున్నవాడు తన తల్లిభాషకే సిగ్గుపడే సంగతి. ఒక్కో మాటకూ బాలకృష్ణ మొహం పాలిపోతోంది. అన్నీ అర్థమవుతున్నాయి కదా.

"ఏమంటుందయ్యా?" అడిగాడు పెద్దసారు.

"ఏం లేదు సార్. తల్లిని జూసి సంబురపడ్తున్నది."

జ్యోత్స్న కళ్లు తుడుచుకోకుండానే అతని వైపు తిరిగింది.

"కాదు సార్. నేను నెమ్మదస్తురాల్ని కాదు, గిన్నేండ్లు భయపడి ఊకున్న అని మా యాడికి చెప్తున్న."