సోఫా మీద అరగంట

నాకూ మా ఆయనకీ పెళ్ళయి మూడేళ్ళు. కాపురం మాత్రం ఫర్నిచర్ షాపులో. నవ్వకండి, నిజమే చెబుతున్నాను.

ఈ పరాయి దేశంలో నేను ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడతాను, పగటి షిఫ్టు. ఆయన రొట్టెల ఫ్యాక్టరీలో రాత్రంతా పొయ్యిల దగ్గర ఉంటారు. నేనుండేది ఆడవాళ్ళ హాస్టల్లో, మగవాళ్ళు గేటు దాటకూడదు. ఆయనుండేది ఫ్యాక్టరీ వాళ్ళిచ్చిన గదిలో. అక్కడ ఒకరు లేచిన మంచం మీద ఇంకొకరు పడుకుంటారు. వేరే గది తీసుకుందామంటే అద్దెలు ఆకాశంలో ఉన్నాయి. నా డ్యూటీ అయ్యాక, ఆయన డ్యూటీకి ముందు, మా ఇద్దరికీ కలిసొచ్చేది అరగంట. వానలూ చలీ మొదలయ్యాక పార్కు బెంచీలు కూడా పనికిరాకుండా పోయాయి.

అప్పుడు దొరికింది ఈ షాపు. ఆయన ఫ్యాక్టరీకి వెళ్ళే బస్సు దీని ఎదురుగానే ఆగుతుంది. ఆయన అక్కడ దిగి, అరగంట నాతో ఉండి, తర్వాతి బస్సు ఎక్కేవారు. షాపు పై అంతస్తులో అచ్చం ఇళ్ళలాగే గదులు అమర్చి పెట్టారు. సోఫా, దాని ముందు బల్ల, కిటికీ బొమ్మ వేసిన గోడ, అట్టతో చేసిన టీవీ. మేం ఆకుపచ్చ సోఫా ఉన్న గదిని ఎంచుకున్నాం. ఆయన బూట్లు విప్పి వెనక్కి వాలి, "ఏమే, ఆ టీవీ సౌండు కాస్త తగ్గించు" అనేవారు. నేను లేచి వెళ్ళి అట్ట టీవీ నెత్తిన ఒకటి చరిచి వచ్చేదాన్ని. "అద్దె ఎప్పుడు కడతారండీ?" అంటే, "అద్దేమిటే, సొంతిల్లు. నీ పేరనే రాశాను" అనేవారు. ఆయన దగ్గర పిండి వాసన, నా దగ్గర సబ్బు వాసన. అదే మా సంసారం.

పక్క గదిలో ఒక ముసలి దంపతులు ఉండేవారు. ఉండేవారంటే, వాళ్ళూ మాలాగే వచ్చి కూర్చునేవాళ్ళు. కాకపోతే తెల్లవాళ్ళు. ముసలాయన పడక్కుర్చీలో గురక పెడుతుంటే, ఆవిడ స్వెట్టరు అల్లుకుంటూ ఉండేది. మేం వచ్చేసరికే ఉండేవాళ్ళు, మేం వెళ్ళాక కూడా ఉండేవాళ్ళు. షాపు సూపర్‌వైజరు ముసలాయనకి చలేస్తోందేమోనని షాపు దుప్పటే తెచ్చి మరీ కప్పేవాడు. మా దగ్గరికి వచ్చేసరికి మాత్రం, మేం కూర్చుని ఊపిరి పీల్చుకోకముందే, "ఏం చూస్తున్నారు?" అనేవాడు. సోఫా అంటే ధర చెప్పేవాడు. ఆలోచించుకుంటామంటే అక్కడే గుంజలా నిలబడేవాడు. ఏం దొంగిలిస్తామని? ముగ్గురు పట్టే సోఫాని కోటు జేబులో పెట్టుకుపోతామా?

కొన్నాళ్ళు దున్నపోతు మీద వాన కురిసినట్టు ఊరుకున్నాం. ఒకరోజు అతను తెగేసి చెప్పాడు.

"ఇది అమ్మే చోటండీ. కొనేవాళ్ళే కూర్చోవాలి."

"అంతే కదా, కొందాం" అని మా ఆయన కిందికి వెళ్ళి, షాపు మొత్తంలో అన్నిటికంటే చవకది, ఒక డోర్‌మ్యాట్ కొనుక్కొచ్చారు. గుమ్మమే లేనివాళ్ళకి డోర్‌మ్యాట్! నాకు నవ్వాగలేదు. ఆయన మాత్రం షాపు సంచీ అందరికీ కనపడేలా ఒళ్ళో పెట్టుకుని దర్జాగా కూర్చున్నారు. కాసేపటికి నా భుజం మీద తల పెట్టి కళ్ళు మూసుకున్నారు. పెళ్ళయ్యాక ఆయన నా పక్కన నిద్రపోయింది ఎన్నిసార్లో వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. నాకు ప్రాణం లేచొచ్చింది. భుజం తిమ్మిరెక్కినా కదల్లేదు.

సూపర్‌వైజరు వచ్చి ఆయన్ని తట్టి లేపాడు.

"కొన్నాం కదండీ" అని సంచీ చూపించారు మా ఆయన, నిద్రకళ్ళతోనే.

"కొన్నారుగా మరి. పనైపోయింది, ఇంక బయల్దేరండి."

పక్క గదిలోంచి ముసలావిడ తలెత్తింది. "పాపం, పడుకోనీ బాబూ. మేమూ పొద్దుట్నుంచీ ఇక్కడే ఉన్నాంగా. ఇన్నేళ్ళలో ఒక్క చెంచా కూడా కొన్లేదు."

"మీ సంగతి వేరమ్మా" అన్నాడు అతను నవ్వుతూ.

"ఏం, ఎందుకు వేరు?" నేను ఊరుకోలేకపోయాను. "ఆయన గురక పెడితే దుప్పటి కప్పుతారు. మా ఆయన కళ్ళు మూసుకుంటే తప్పొచ్చిందా? మా రంగు మీ సోఫాకేమైనా అంటుకుంటుందా?"

అతను మెట్ల దగ్గరున్న సెక్యూరిటీ వైపు చూశాడంతే. ముసలావిడ అల్లిక ఒళ్ళో పెట్టుకుని తల దించుకుంది. అందరూ చూస్తుండగా మా ఆయన వంగి బూట్లు వేసుకున్నారు. లేసు ముడి పడలేదు. మళ్ళీ కట్టుకున్నారు. నా వైపు మాత్రం చూడలేదు.

మర్నాడు ఆయన రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఫోన్ చేస్తే ఓవర్‌టైమన్నారు. ఆయనకి అబద్ధమాడటం చేతకాదు. గట్టిగా నిలదీస్తే బయటపడ్డారు.

"వాడు లేపినందుకు కాదే. ఫ్యాక్టరీలో రోజూ ఎవడో ఒకడు లే, పో అంటూనే ఉంటాడు. నువ్వు చూస్తుండగా లేపాడు."

మొగుడు కొట్టినందుకు కాదుగానీ తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకావిడ. "నేను నవ్వలేదు కదండీ" అన్నాను. డ్యూటీ టైమైందని ఫోన్ పెట్టేశారు. నాకు వాడి మీదా కోపమొచ్చింది, ఈయన మీదా వచ్చింది. కోపం కంటే బెంగ ఎక్కువైంది. ఆయన మొహం చూడాలి, ఆ పిండి వాసన కావాలి, ఇంకేమీ వద్దనిపించింది. హాస్టల్లో పక్కమంచం ఆవిడకి వినపడకుండా ఏడ్చాను.

మర్నాడు డ్యూటీ దిగి షాపులోకి పోలేదు. స్టాపులోనే నిలబడి, ఆయన వస్తున్న బస్సు ఎక్కేశాను. ఆయన కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు.

"నువ్వెక్కడికే? తిరిగొచ్చేసరికి హాస్టల్లో భోజనాలు అయిపోతాయి."

"అయిపోతే అవనివ్వండి. జరగండి ముందు."

ఆయన జరిగారు. కాసేపు బయటికే చూశారు. తర్వాత నా చెయ్యి తీసుకుని తన కోటు జేబులో పెట్టుకున్నారు. "తిట్టవేం?" అన్నారు. "ఇంటికెళ్ళాక తిడతాలెండి" అన్నాను. ఏ ఇంటికని ఒకర్నొకరం అడగలేదు.

రెండు స్టాపులు దాటాయో లేదో, ఆయన తల నా భుజం మీదికి వాలింది. ఎవరూ రాలేదు, ఏమీ అడగలేదు. ఫ్యాక్టరీ ఇంకా ఇంకా దూరం జరిగిపోతే బాగుండు, సిగ్నళ్ళన్నీ ఎర్రగా ఉంటే బాగుండు అనుకున్నాను. ఆ పూట ఒక్క సిగ్నలూ పడలేదు. ముందు రొట్టెల వాసన వచ్చింది, తర్వాత ఫ్యాక్టరీ గేటు కనపడింది. ఆయన ఇంకా నిద్రలోనే ఉన్నారు. ఆయన్ని లేపడానికి అక్కడ నేను తప్ప ఎవరూ లేరు.

భుజం తట్టి లేపాను.