కోడలి వెంట మడుగు

పొద్దున్నే మోకాళ్ళ దాకా బూట్లు తొడుక్కుని పాములమ్మాయి మడుగులోకి దిగేది. ముందురోజు సాయంత్రం తుంగ పక్కన పెట్టిన వలబుట్టల్ని ఒక్కొక్కటే పైకెత్తి చూసేది. ఆ బుట్టల మూతి గరాటులా ఉంటుంది. లోపలికి దూరిన పాముకి మళ్ళీ దారి దొరకదు. పాపం ఊపిరాడాలి కాబట్టి సగం బుట్ట నీళ్ళకి పైన ఉండేలా కట్టేది. పడినదాన్ని గుడ్డసంచిలో వేసి తూచడం, టేపు పక్కన నిదానంగా సాగదీసి కొలవడం, దాని చోట దాన్ని వదిలేయడం, ఇదీ ఆమె ఉద్యోగం. అక్కడి నీటిపాములన్నీ ఆమెకి ఎరిగినవే. ఒకటి ముక్కోపిది. ఒకటి ఒట్టి బద్ధకస్తురాలు. ఇంకొకటి ఎప్పుడు పట్టుకున్నా చచ్చినట్టు నటించేది, వదలగానే తుర్రుమనేది.

దొరకనిది ఒక్కటే. పొట్ట మీద ఎర్రగీత ఉండే బురదపాము. ఈ మడుగులో ఉండేదని వెనకటివాళ్ళు రాసి పెట్టారు. మ్యూజియంలో ఒక సీసాలో రంగంతా పోయి చుట్టచుట్టుకుని ఉంది. ప్రాణంతో చూసినవాళ్ళు మాత్రం ఇప్పుడెవరూ లేరు.

పని ముగించుకుని ఆమె ఇంటికొస్తే మడుగు కూడా వెంట వచ్చేది. ఏళ్ళ తరబడి అందులో తిరిగినవాళ్ళకి అది మామూలే. మడుగు కాపలా తాత ఇంట్లో చీలమండల దాకా నిలిచేది, ఈమె ఇంట్లో పిక్కల దాకా. ఆ నీళ్ళు దేన్నీ తడపవు. ఆమె గడప దాటగానే బురదతో, తుంగతో, చేపలతో సహా గదుల్లో పరుచుకుంటాయి. ఆమె బయటికెళితే అవీ వెళ్ళిపోతాయి. మొగుడు దర్జీ. అతను మిషను తొక్కుతుంటే చేపపిల్లలు వచ్చి కాలివేళ్ళు కొరికేవి.

"చక్కిలిగింతలకి కుట్టు కాస్త వంకర పోవచ్చు, తర్వాత నన్ననకండి" అని బట్టలిచ్చేవాళ్ళకి ముందే చెప్పేవాడు.

ఇబ్బందల్లా అత్తగారికే. ఆవిడ ఆసుపత్రిలో పురుళ్ళ వార్డు ఆయాగా చేసి రిటైరైన మనిషి. నేల అద్దంలా మెరిస్తే తప్ప ఆవిడకి ముద్ద దిగదు.

"బూట్లు గుమ్మం బయట విప్పుతావు, బాగానే ఉంది. ఆ మడుగుని కూడా అక్కడే విడిచి రావచ్చు కదటే?"

"అది నా మాట వింటుందా అత్తయ్యా?"

"నా చెప్పు మళ్ళీ పక్కింటికి తేలిపోయింది. ఆవిడ తెచ్చిచ్చింది లే. ఇస్తూ నవ్వింది చూడు, ముప్పై రెండు పళ్ళూ కనపడ్డాయి!"

మంచం కింద కప్ప ఒకటి బెకబెకమంది. "నువ్వు నోర్మూయ్" అంది అత్తగారు.

అలా ఉండగా పట్నం నుంచి మడుగుల సంగతి తేల్చే కమిటీవాళ్ళ కబురొచ్చింది. మడుగుని పూడ్చి గోడౌన్లు కట్టాలని ఎవరో అడుగుతున్నారట. వారం తిరిగేలోగా ఆమె పట్నం వచ్చి కమిటీకి పాముని చూపించాలట. ఎర్రగీత పాము మడుగులో బతికే ఉందని సభ్యులు కళ్ళారా చూస్తే మడుగు జోలికెవరూ రారు. లేకపోతే మట్టి లారీలు బయల్దేరతాయి. పాములమ్మాయిని మ్యూజియంలో సీసాలకి పేర్లంటించే పనిలో వేస్తారు.

ఆ వారమంతా ఆమె చీకటి విడకముందే వెళ్ళి పొద్దుగూకాక వచ్చింది. బుట్టలు మార్చింది, చోట్లు మార్చింది. ముక్కోపిది రెండుసార్లు పడింది, అంతే.

"దొరక్కపోతే?" అన్నాడు మొగుడు సూదిలో దారం ఎక్కిస్తూ.

"అత్తయ్యకి నేల ఆరుతుంది" అని నవ్వబోయింది. మర్నాటి బుట్టల తాళ్ళు మళ్ళీ సరిచూసుకుంది.

"నేనూ వస్తాను పట్నం" అంది అత్తగారు. "ఆ చల్లని మాట నా చెవులతో వినాలి."

బస్సులో కండక్టరు వాళ్ళ సీటు దగ్గరికి వచ్చి కిందికి చూశాడు. నీళ్ళు వెనక సీట్ల దాకా పాకాయి.

"మీ ఇద్దరికీ టికెట్లు సరేనమ్మా. మరి ఈ లగేజీకి?"

"చేత్తో పట్టుకున్నామా, నెత్తిన పెట్టుకున్నామా, లగేజీ ఎట్లా అవుతుంది?" అంది అత్తగారు.

"సీటు కింద పట్టనిదంతా లగేజీయే."

"అయితే కప్పలకి హాఫ్ టికెట్టా, ఫుల్లా? అది కూడా చెప్పేయ్ బాబూ."

బస్సంతా ఘొల్లుమంది. కండక్టరు తల గోక్కుంటూ ముందుకెళ్ళిపోయాడు.

కమిటీ గదిలో పొడవాటి బల్ల. పాములమ్మాయి గుమ్మంలో కనపడగానే అటెండరు కింది అరలోని ఫైళ్ళు పై అరలోకి మార్చాడు. తడవవని తెలిసినా, అతని తృప్తి అతనిది. కమిటీ పెద్దాయన ప్యాంటు అంచులు రెండు మడతలు పైకి మడుచుకున్నాడు. పక్కనున్న ఇంజినీరు మాత్రం గోడౌన్ల నక్షా పరిచి కదలకుండా కూర్చున్నాడు. అత్తగారు గోడవార బెంచీ మీద కాళ్ళు పైకి పెట్టుకుంది.

"చూపించడానికి ఏమైనా తెచ్చావా అమ్మా?" అన్నాడు పెద్దాయన.

"లేదు సార్."

"జాడలాంటిదైనా?"

"లేదు సార్. ఉందని నా నమ్మకం. నమ్మకాన్ని సంచిలో వేసి తూచి చూపించలేను కదా."

పెద్దాయన నిట్టూర్చి పెన్ను మూత తీశాడు. ఇంజినీరు నక్షాని అరచేత్తో సాపుచేశాడు. అత్తగారు ఎదురుచూసిన మాట ఇక రాబోతోంది. అయినా ఎందుకో ఆవిడ చెవులు అటు లేవు. చూపు కోడలి వంగిన మెడ మీదే ఉంది.

"సరే సార్, వస్తాను" అంది పాములమ్మాయి. గిరుక్కున తిరిగితే అల లేచి, చేపలు పెద్దవాళ్ళ ఒళ్ళో పడతాయి. అందుకని పెద్దల వైపే మొహం పెట్టి ఒక్కో అడుగే వెనక్కి వేసింది.

మడమకి ఏదో మెత్తగా తగిలింది.

పాములతో పనిచేసేవాళ్ళు ఉలిక్కిపడరు. ఆమె ఉన్నచోటే మెల్లగా వంగి చెయ్యి వెనక్కి పోనిచ్చింది. చెయ్యి పైకొచ్చేసరికి అందులో బురదరంగు పాము ఒకటి, పిల్లాడి మణికట్టంత లావున, బద్ధకంగా వేలాడుతోంది. పొట్ట పొడుగునా ఎర్రగీత.

అటెండరు కుర్చీ ఎక్కేశాడు. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. "ఎక్కడిదమ్మా ఇది?"

"నా వెనకది సార్." చెబుతుంటేనే ఆమెకి తెలిసొచ్చింది. "నేను అడుగేస్తే బురద కదులుతుంది, దాక్కున్న చేపపిల్లలు లేస్తాయి. దీని భోజనం నా అడుగుల వెనకే ఉంది. నేనేమో ఇన్నాళ్ళూ ముందుకే చూస్తూ నడిచాను!"

ఇంజినీరు గొంతు సవరించుకున్నాడు. "కాగితం మీద స్పష్టంగా ఉంది. పాము మడుగులో కనపడాలి. ఇది ఆఫీసులో కనపడింది."

"నాయనా" అంది అత్తగారు బెంచీ మీంచి. "నువ్వు కూర్చున్నది ఎక్కడో ఒక్కసారి కిందికి చూసుకో."

అతను చూసుకున్నాడు. పిక్కల చుట్టూ తుంగ ఊగుతోంది. బూటు మీద నత్త ఒకటి ఎక్కుతోంది. అతను కాళ్ళు మెల్లగా కుర్చీ మీదికి తీసుకున్నాడు.

పాములమ్మాయి వేళ్ళతో పాము పొట్టని మెల్లగా తడిమి ఆగిపోయింది. "అత్తయ్యా, ఇది కడుపుతో ఉంది."

"గుడ్లా?"

"కాదు, ఇవి పిల్లల్నే కంటాయి."

అత్తగారు బెంచీ దిగింది. ఆ నీళ్ళలో ఆవిడ ఇష్టపడి కాలుపెట్టడం అదే మొదలు. దగ్గరికొచ్చి రెండు వేళ్ళు ఆనించి చూసి, బల్ల వైపు తిరిగింది.

"ఏమయ్యా, నెలలు నిండినదాన్ని పట్టుకుని ఇల్లు ఖాళీ చెయ్యమంటారా? మీ ఇళ్ళల్లో ఆడవాళ్ళు లేరూ?"

పెద్దాయన పకపకా నవ్వాడు. "ఆ మాట అన్నానని తెలిస్తే మా ఇంట్లో నాకు అన్నం పుట్టదు తల్లీ." నవ్వుతూనే సంతకం చేసి, నక్షాని చుట్టి ఇంజినీరు చేతికిచ్చాడు.

పాము మళ్ళీ నీళ్ళలోకి జారి, వాళ్ళ వెనకే ఇల్లు చేరింది. రెండు రోజులకి అత్తగారి మంచం కింద పురిటికి సర్దుకుంది. ఆ రోజు కోడల్ని గడప దాటనివ్వలేదు ఆవిడ.

"ఆ మిషను ఆపరా! పురిటి గదిలో ఆ టకటకలేమిటి?" అంది అత్తగారు కొడుకుని. మంచం మీద బోర్లా పడుకుని, అంచు మీంచి కిందికి తల వంచి, ఒక్కో పిల్లా బయటపడుతుంటే "ఆ, ఇదీ బాగానే ఉంది" అంటూ పొద్దంతా చూస్తూనే ఉంది. వేలెడంత పిల్లలు, ఒక్కోదానికీ దారప్పోగంత ఎర్రగీత.

సాయంత్రం కోడలు బుట్టలు కట్టడానికి లేస్తుంటే పిలిచింది.

"ఇవి నీ వెనకే మడుగుకి వస్తాయి కదా. దారిలో ఏదైనా తప్పిపోతే? నేనూ వస్తాను. నువ్వు ముందు చూసుకో, నేను వెనక్కి నడుస్తాను."

"పడతారు అత్తయ్యా."

"పడితే ఏం? ఎలాగూ తడవనుగా."

"అది అసలు మడుగు. తడుస్తారు."

అత్తగారు తన పాదాల వంక ఒకసారి చూసుకుంది.

"అయితే నాకూ ఓ జత బూట్లు చూడు" అంది.