టోపీలో తలపిన్ను

ఆర్డెల్లా గడ్డి టోపీని కెటిల్ ఆవిరి మీద పట్టి, మెత్తబడగానే కొయ్య తలకి తొడిగి, రెండు బొటనవేళ్లతో అంచు కిందికి లాగింది. ఆవిరికి కాలి కాలి ఆ వేళ్ల చివర్లు గాజులా నున్నగా అయిపోయాయి. అమెరికాలో మా మెంఫిస్ ఊళ్లో ఈస్టర్ పండక్కి గొప్పింటి తెల్ల దొరసానులు పెట్టుకునే టోపీలన్నీ ఈ వెనక గదిలో పుట్టేవే. లోపలి పట్టీ మీద మాత్రం యజమానురాలు వింక్లరమ్మ పేరుంటుంది. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అదీ సంగతి.

ఆర్డెల్లాకి ఒక దొంగ అలవాటుంది. కొయ్య తలకి నొప్పి తెలీదు గదా. అందుకని ఎవరూ చూడనప్పుడు ప్రతి టోపీనీ తనే పెట్టుకుని, ఎక్కడ ఒత్తుతోందో చూసి సరిచేస్తుంది. బయటపడితే కొంప మునిగినట్టే. మా నల్లవాళ్ల తల తగిలిన టోపీని తెల్లవాళ్లు ముట్టరు. మేం డబ్బిచ్చి కొనుక్కునే టోపీ అయినా, నెత్తిన గుడ్డ కప్పుకుంటేనే పెట్టి చూడనిచ్చేవాళ్లు. ఆ గుడ్డ ముందు గది బల్ల సొరుగులోనే ఉండేది.

జుట్టు సర్దుకోబోయి ఆర్డెల్లా ఆగిపోయింది. చెవి పైన ఉండాల్సిన తలపిన్ను లేదు. నేల మీద లేదు, బల్ల కిందా లేదు. పొద్దున్న తను పెట్టి చూసింది ఒకే ఒక్క టోపీ, జడ్జిగారి భార్య ట్రాస్కమ్మ కోసం చేసిన నీలంది. అది అప్పటికే ముందు గదికి వెళ్లిపోయింది.

"ఏంటొదినా, దెయ్యాన్ని చూసినట్టు ఆ మొహమేంటి?" అంది పక్కన పూలు కుడుతున్న జెనోబియా.

"నా పిన్ను టోపీలో ఉండిపోయింది."

జెనోబియా చేతిలో సూది ఆగింది. "బెర్నీస్‌కేమైందో తెలుసుగా" అంది మెల్లగా.

తెలియకేం. ఇదివరకు ఇక్కడే పనిచేసిన బెర్నీస్ కుట్టిన టోపీలో ఒక్క వెంట్రుక దొరికింది. ఆ తర్వాత ఆమెకి ఊళ్లో పాచిపని కూడా దొరకలేదు. ఒక రాత్రి ఎవరో ఇంటి కిటికీలన్నీ పగలగొడితే, పిల్లల్ని తీసుకుని ఊరొదిలిపోయింది.

ముందు గదిలో గంట మోగింది. ఆర్డెల్లా తెర సందులోంచి చూసింది.

ట్రాస్కమ్మ నీలం టోపీ పెట్టుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరుగుతోంది. "నా తల కొలిచి చేసినట్టుందండీ. ఎవరి పనితనం?"

"అంతా నా చేతిపనే" అంది వింక్లరమ్మ, సిగ్గూ ఎగ్గూ లేకుండా.

ఏదో గుచ్చుకుని ట్రాస్కమ్మ మొహం చిట్లించింది. టోపీ తీసి, పట్టీలోంచి నల్లటి పిన్ను లాగి గాజుబల్ల మీద పెట్టింది. "ఇదెవరిది?"

వింక్లరమ్మ మొహం పాలిపోయింది. "ఆ పూలు కుట్టే జెనోబియాదై ఉంటుంది. ఇవాళే వెళ్లగొడతాను."

జెనోబియా ఇంట్లో ముగ్గురు పిల్లలు. ఆర్డెల్లా తెర తీసుకుని బయటికొచ్చింది.

"పిన్ను నాదండి. జెనోబియాకేం తెలీదు. ఇక్కడ ప్రతి టోపీ నా తల మీద పెట్టి చూసే ముందు గదికి పంపిస్తాను. పోయిన ఈస్టర్‌కి మీరు పెట్టుకున్నదీ అంతే. ఎక్కడైనా ఒత్తిందా, అమ్మగారూ?"

ట్రాస్కమ్మ తన నెత్తి తడిమి చూసుకుంది.

"పో ఇక్కణ్ణించి" అంది వింక్లరమ్మ. "ఈ ఊళ్లో నీకు పనెవరిస్తారో నేనూ చూస్తా."

"ఇవ్వక్కర్లేదండి. మా ఇంట్లో అద్దముంది. మా వాళ్లకి నేనే టోపీలు చేస్తాను. నెత్తిన గుడ్డ లేకుండా పెట్టి చూసుకుంటారు."

ఆ మాట అంటానని తనకే తెలీదు. బెర్నీస్ ఇంటి కిటికీలు పగిలిన చప్పుడు అప్పుడే చెవుల్లో వినపడింది. అయినా వెనక్కి తీసుకోలేదు. ఏప్రను విప్పి మడత పెట్టి, ఎన్నడూ నడవని ముందు గుమ్మంలోంచి వీధిలోకి దిగింది.

పది అడుగులేసి, ఉండబట్టలేక గాజు తలుపు వైపు తిరిగి చూసింది. పండగ ఎల్లుండే, ఇంకో టోపీ చేయించుకునే వ్యవధి లేదు. ట్రాస్కమ్మ చెయ్యి చాచి, బల్ల సొరుగులోని ఆ గుడ్డ అడిగి తీసుకుంది. ఊళ్లో మా ఆడవాళ్లందరి తలలూ తగిలిన గుడ్డ. దాన్ని తన నెత్తిన కప్పుకుని, పైన నీలం టోపీ పెట్టుకుని, అద్దంలో చూసుకుని తలాడించింది.

పిన్ను మాత్రం గాజుబల్ల మీదే ఉంది. దాన్ని తియ్యడానికి ఇద్దరిలో ఎవరికీ చెయ్యి రాలేదు.